నాన్న తరఫున ఎవరో అడిగారు, నా తరఫున ఎవరూ లేరు

మొన్న ఆదివారం మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. మధురవాడలో ఒక కంపెనీలో చేరి ఏడాదిన్నర అయ్యింది వాడు, సపోర్ట్ పని, నైట్ షిఫ్టులు. క్రికెట్ అయ్యింది, వాడి బండి రిపేరు అయ్యింది, పిన్నికి మోకాళ్ళ నొప్పులు అయ్యాయి, ఇక పెట్టేస్తాడు అనుకునే టైముకి గొంతు తగ్గించి, "అన్నా, జీతం పెంచమని అడిగితే వాళ్ళేమన్నా అనుకుంటారా?" అన్నాడు. ఏదో తప్పు పని చేసి ఒప్పుకుంటున్నట్టు.

నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత గుర్తొచ్చింది నేనూ సరిగ్గా ఇదే గొంతుతో అడిగానని.

నేను 2021 ఫిబ్రవరిలో చేరాను. రుషికొండ ఐటీ హిల్స్ మీద చిన్న కంపెనీ, పేరు అనవసరం. ఎల్-వన్ సపోర్ట్. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఎల్-వన్ అంటే స్క్రీన్ మీద అలర్ట్ వస్తుంది, రన్‌బుక్ తెరుస్తావు, అందులో రాసింది చేస్తావు, తగ్గకపోతే పై స్థాయిలో ఉన్న ఎల్-టూ వాడిని నిద్ర లేపుతావు. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లారుజామున మూడున్నర దాకా అదే పని. మొదటి ఏడాది ఇంట్లోంచే చేశా, 2022 మొదట్లో కొండ మీదకి రమ్మన్నారు. మా ఇల్లు కూర్మన్నపాలెం. అంటే ఊరికి ఈ చివర మేము, ఆ చివర ఆఫీసు, గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక అన్నీ దాటుకుంటూ 30 కిలోమీటర్లకి అటూ ఇటూ. కంపెనీ క్యాబ్ ఉండేది, అందులో అందరి మెడలూ ఒకే వైపు వాలిపోయి ఉండేవి.

సీటీసీ, అంటే ఏడాదికి నా మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, 3 లక్షల 20 వేలు. ఆఫర్ లెటర్ చూసి అమ్మ దేవుడి దగ్గర పెట్టింది. మొదటి నెల 19,700 చిల్లర పడితే నేను బ్యాంకు యాప్ రెండు సార్లు తెరిచి చూశా, మిగతాది రేపు పడుతుందేమో అని. నిజంగానే అలా అనుకున్నా. 3 లక్షల 20 వేలని 12 తో భాగిస్తే 26 వేల పైన రావాలి కదా. తర్వాత పేస్లిప్ ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది: అందులో 8 శాతం వేరియబుల్, అది ఏడాది చివర్లో ఇస్తే ఇస్తారు. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకి 1,800 కూడా నా సీటీసీలోదే, నా వాటా ఇంకో 1,800 మళ్ళీ జీతంలోంచి. గ్రాట్యుటీ అని ఇంకో లైను, అది సాధారణంగా 5 ఏళ్ళు నిండితేగాని చేతికి రాదు, అక్కడ సగటున రెండేళ్ళు కూడా ఎవరూ ఉండరు. ఇన్సూరెన్సు ప్రీమియం అందులోదే. ప్రొఫెషనల్ టాక్స్ 200. అందుకే మా వాడికి మొదట చెప్పింది ఇది, నువ్వు అడిగేది సీటీసీలో అడక్కు, నెలకి చేతికి ఎంత అన్న అంకెలో ఆలోచించుకుని, దాన్ని తిరగేసి సీటీసీ ఎంతవుతుందో లెక్కేసుకుని అప్పుడు వెళ్ళు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి, మొత్తంలో కనీసం సగం వేజెస్ కింద లెక్కకి రావాలి అంటున్నాయి, కంపెనీలు పేస్లిప్పులు మళ్ళీ కెలుకుతున్నాయి, కాబట్టి పాత స్లిప్పు చూసి వేసిన లెక్క కొత్త స్లిప్పుకి సరిపోకపోవచ్చు.

సరే, 2022 ఏప్రిల్. మొదటి హైక్ లెటర్. 6 శాతం. చేతికి నెలకి 1,400 చిల్లర ఎక్కువ. ఇంటికెళ్ళి చెప్తే నాన్న "పర్లేదు కదరా, ఇచ్చేరు కదా" అన్నారు. ఆ నెల దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 7.79 శాతం, ఎనిమిదేళ్ళలో అంత ఎప్పుడూ లేదు. అంటే నాకు పెరిగినట్టు కనిపించి తగ్గింది. నాన్నకి ఇది చెప్తే ఒక నిమిషం ఆలోచించి, "మాకు డీఏ ఉండేదిరా" అన్నారు.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. ఆయన స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్, 2019లో రిటైర్ అయ్యారు. ఆయన స్లిప్పులో డీఏ అన్న లైను ధరల సూచీని బట్టి మూడు నెలలకోసారి దానంతట అదే మారిపోయేది. ఏడాదికోసారి ఇంక్రిమెంటు, కొన్నేళ్ళకోసారి వేజ్ రివిజన్. జీవితంలో ఒక్కసారి కూడా ఆయన ఏ ఆఫీసర్ గదిలోకీ వెళ్ళి నా జీతం పెంచండి అనలేదు. అందుకే ఆయన నమ్మకం ఏంటంటే, మంచి పనివాడు అడగడు, అడిగేవాడు మంచి పనివాడు కాదు. మా ఇంట్లో, మా వీధిలో, ఆ మాటకొస్తే గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా సగం ఇళ్ళల్లో ఇదే నమ్మకం. షిప్‌యార్డ్ వాళ్ళూ అంతే, పోర్టు వాళ్ళూ అంతే. వైజాగ్‌లో మధ్యతరగతి అంటే ఇన్నేళ్ళూ పబ్లిక్ సెక్టార్ జీతం కదా. జీతం అనేది ఎండాకాలం తర్వాత వాన లాగా వస్తుంది, దాన్ని రమ్మని ఎవరూ అడగరు.

కానీ నేను క్యాబ్ ఎక్కేది ఎక్కడో తెలుసా, కూర్మన్నపాలెం జంక్షన్‌లో, దీక్షా శిబిరం పక్కన. 2021 జనవరిలో కేంద్రం స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం వాటా అమ్మేస్తామంది, ఫిబ్రవరిలో అక్కడ రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. నేను ఉద్యోగంలో చేరిన నెలా అదే. కొండ మీదకి వెళ్ళడం మొదలుపెట్టాక రోజూ సాయంత్రం ఐదుకి నేను అక్కడ బ్యాగ్ తగిలించుకుని నిలబడేవాడిని, పక్కన టెంట్‌లో దండలు వేసుకున్న పెద్దమనుషులు, మైకు, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు". నాన్న కూడా కొన్ని రోజులు కూర్చున్నారు. 1966లో ఇదే నినాదంతో ఊరూరా గొడవ చేస్తేనేగా ఆ ప్లాంట్ వచ్చింది. ఒక రోజు క్యాబ్ లేటు, నేను ఆ మైకు వింటూ నిలబడ్డా, అప్పుడు తట్టింది. నాన్న అడగలేదు, నిజమే. కానీ ఆయన తరఫున ఎవరో అడిగారు! ఢిల్లీలో ఎన్‌జేసీఎస్ అని ఒక కమిటీ, బల్లకి ఒక పక్క మేనేజ్‌మెంట్లు, ఇంకో పక్క యూనియన్ల వాళ్ళు, వాళ్ళు గంటలు గంటలు వాదించి, ఒప్పందం మీద సంతకాలు పెడితే అది ఆయన స్లిప్పులో పడేది. ఆయన కట్టింది యూనియన్ చందా ఒక్కటే. ఆ చందాలో అడగడం అనే పని వేరేవాళ్ళకి అప్పగించేశారు.

మరి నా తరఫున ఎవరున్నారు? ఆ కంపెనీలో ఉన్న మూడేళ్ళలో యూనియన్ అన్న మాటే నేను వినలేదు. హెచ్ఆర్ ఉంది, ఉగాదికి పట్టుబట్టలు కట్టుకు రమ్మని మెయిల్ పెడుతుంది. అంటే నాన్న దగ్గర అడగకపోవడం నేర్చుకున్నా, ఆయన వెనకున్న అడిగేవాళ్ళు మాత్రం నాకు లేరు. మా తరం కుర్రాళ్ళ ఇబ్బంది మొహమాటం కాదు, బిడియం కాదు, ఇదీ. సగమే వారసత్వంగా వచ్చింది.

మొదటిసారి అడిగిన తీరు చెప్తే సిగ్గేస్తుంది. 2022 జూన్, మా మేనేజర్ గారి అద్దాల గది. ఆయన మంచివాడే, ముందే చెప్తున్నా. నేను కూర్చోకుండానే మొదలుపెట్టేశా, "సార్, మా ఫ్రెండ్‌కి హైదరాబాద్‌లో 5 లక్షలు ఇస్తున్నారు సార్, అదే పనికి." ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి, "హైదరాబాద్‌లో రూమ్ రెంట్ ఎంత బాబూ?" అన్నారు. నేను చెప్పా. "భోజనం?" చెప్పా. "నువ్వెక్కడుంటావు?" ఇంట్లో సార్ అన్నా. "మరి ఇంకేంటి, వైజాగ్‌లో ఖర్చేముంది, అమ్మ చేతి భోజనం, బీచు" అని నవ్వారు. నేనూ నవ్వా. థాంక్యూ సార్ అని కూడా అన్నా! బయటకొచ్చి సీట్లో కూర్చుని క్యారేజీ విప్పితే గుత్తి వంకాయ కూర, అది తింటూ ఆలోచిస్తే అప్పుడు మండింది.

ఎందుకంటే ఆయన చెప్పింది ఒకసారి విడదీసి చూడండి. వైజాగ్ ఏమీ చవక కాదు. ఎంవీపీ కాలనీలో డబుల్ బెడ్రూమ్ అద్దె అడగండి ఒకసారి. చవకైంది మా నాన్న కట్టుకున్న ఇల్లు, మా అమ్మ వండిన అన్నం. నేను అద్దె కట్టక్కర్లేదు కాబట్టి నాకు తక్కువ ఇచ్చినా సరిపోతుంది అంటే, ఆ మిగులు ఎవరికి పోతోంది? కంపెనీకి. అంటే ఒక రిటైర్డ్ క్రేన్ ఆపరేటరూ ఆయన భార్యా కలిసి, రుషికొండ మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి నెలనెలా సబ్సిడీ ఇస్తున్నారన్నమాట. వాళ్ళకి తెలీకుండా. క్యారేజీలో పెట్టి మరీ.

పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయలు అమ్మేవాడు మీ ఇంట్లో ఎంతమంది, మీ ఆయన జీతమెంత అని అడిగి రేటు చెప్పడు. ఉల్లిపాయ ధర ఉల్లిపాయదే. మా ప్రాజెక్టులో క్లయింట్‌కి గంటల లెక్కన డాలర్లలో బిల్లు వెళ్ళేది, నేను ఇంట్లో పడుకుంటున్నానా హాస్టల్లో పడుకుంటున్నానా అన్నది ఆ బిల్లులో ఎక్కడా ఉండదు. పని ధర పనిది. ఇంకో సంగతి, 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర క్యాబినెట్ టీసీఎస్‌కి రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు నామమాత్రంగా 99 పైసలకి కేటాయించింది. ఉద్యోగాలొస్తాయని ఇచ్చారు, రానీ, మంచిదే, నేను దాన్ని తప్పు పట్టట్లేదు. తమకి ఏం కావాలో కంపెనీలు, ప్రభుత్వాలు బల్ల ముందు కూర్చుని మాట్లాడుకుంటాయి, ఎవరూ దాన్ని అత్యాశ అనరు. మనం నెలకి 5 వేలు అడగడానికి మూడు రాత్రులు నిద్ర మానేస్తాం.

అయితే మా మేనేజర్ గారు నన్ను వెనక్కి పంపడంలో నా తప్పూ ఉంది, రెండు తప్పులు. ఒకటి జూన్‌లో అడగడం. మా దగ్గర లెటర్లు వచ్చేది ఏప్రిల్‌లో, కానీ ఎవరి టీమ్‌కి ఎంత అన్న డబ్బు మూట ఫిబ్రవరిలోపే పైన కట్టేస్తారు, దాన్ని రేటింగులు పెట్టి పంచడం మాత్రమే మేనేజర్ పని. ఒకరికి ఎక్కువ ఇవ్వాలంటే ఇంకొకరి దాంట్లోంచి తీయాలి. కాబట్టి ఏప్రిల్‌లో ఏడవడం అంటే పెళ్ళి అయిపోయాక కట్నం బేరం. అడిగేది డిసెంబర్‌లో, ఆ మూట కట్టకముందు. ఇది కంపెనీ కంపెనీకీ మారుతుంది, మీ దగ్గర ఏ నెలో సీనియర్ ఎవరినైనా టీ తాగించి అడగండి, చెప్తారు.

రెండో తప్పు, నేను చెప్పిందంతా నా గురించీ నా ఫ్రెండ్ గురించే. మేనేజర్ కూడా పైవాడిని అడగాలి, నా తరఫున. అడగడానికి ఆయన చేతికి నేనేం ఇచ్చాను? ఏమీ లేదు. హైదరాబాద్‌లో ఎవడో కుర్రాడికి 5 లక్షలు అని ఆయన వెళ్ళి పైవాళ్ళకి చెప్పగలడా?

అప్పుడు మొదలుపెట్టా లెక్క. మా అలర్టుల్లో చిరాకైనది డిస్క్ ఫుల్. సర్వర్‌లో లాగ్ ఫైళ్ళు పేరుకుపోయి డిస్క్ 90 శాతం దాటితే టికెట్ పడుతుంది, లోపలికెళ్ళి పాత లాగులు తీసేసి, కంప్రెస్ చేసి, టికెట్ మూసి, నోట్స్ రాయాలి, ఒక్కోదానికి 12 నిమిషాలు. ఆరు నెలల టికెట్లు ఎక్సెల్‌లోకి దింపి లెక్కపెడితే అవి 312. అంటే నెలకి 52, పది గంటల పైన, చెత్త ఊడ్చినట్టు. ఎల్-టూ అన్నని బతిమాలి పర్మిషన్ తీసుకుని, ఆ సర్వర్లన్నిటిలో లాగ్‌రొటేట్, అంటే పాత లాగుల్ని దానంతట అదే సర్దే ప్రోగ్రాం, సరిగ్గా పెట్టించా, ఏడు రోజులు దాటినవి కంప్రెస్, ముప్పై దాటినవి డిలీట్. ఇది బ్రహ్మవిద్యేం కాదు, లైనక్స్ తెలిసినవాడెవడైనా అరపూటలో చేస్తాడు. ఎవరూ చెయ్యలేదు ఎందుకంటే ఎల్-వన్ వాడి పని టికెట్ మూయడం, టికెట్ రాకుండా చూడడం కాదు. తర్వాతి నెల 52 కాస్తా 9 అయ్యింది. ఇదంతా చేశాక అర్థమైంది, నాకు నిజంగా కావాల్సింది 3 వేలో 5 వేలో కాదు, ఆ ఎల్-టూ కుర్చీ. ఎల్-వన్‌లో కూర్చుని ఎంత పెంచినా ఎల్-వన్ జీతమే, దానికి ఒక పైకప్పు ఉంది.

డిసెంబర్‌లో ఒక పేజీ రాశా. నాన్న భోజనాల బల్ల దగ్గర ఉంటే చూపించా, ఆయనకి ఇంగ్లీషు చదవడం బానే వచ్చు. కళ్ళజోడు పెట్టుకుని, ఎక్కడిదో ఎర్ర రీఫిల్ పెన్ను తీసుకుని మొదలుపెట్టారు. "దయచేసి" అన్నది కొట్టేశారు. "వీలైతే" కొట్టేశారు. "కష్టపడి పనిచేస్తున్నాను" అన్న లైను దగ్గర ఆగి, "ఇదేటి, కష్టపడకపోతే ఉంచుతారేటి" అని అదీ కొట్టేశారు. 52 నుంచి 9 అన్న చోట టిక్ పెట్టి, "ఇది పైకి తే" అన్నారు. మొత్తం అయ్యాక కాగితం దూరంగా పట్టుకుని చూసి, "యూనియన్ వాళ్ళ చార్టర్ ఆఫ్ డిమాండ్స్ లాగుందిరా" అన్నారు, కొంచెం గర్వంగానే. "అడుగు. ఏటవుద్ది, ఇవ్వనంటాడు." జీవితంలో ఎప్పుడూ అడగని మనిషి.

ఈసారి మేనేజర్ గారి గదిలో నేను కూర్చున్నాకే మాట్లాడా. పేజీ ఇచ్చా. ఎల్-టూ కావాలి, జీతం ఆ బ్యాండ్ ప్రకారం కావాలి, ఎప్పటిలోగా అవుతుందో తేదీ కావాలి అన్నా. ఆయన పాత పాటే ఎత్తుకున్నారు, వైజాగ్‌లో ఖర్చేముంది అని. "నేను ఖర్చు గురించి అడగట్లేదు సార్, పని గురించి అడుగుతున్నా" అని ఊరుకున్నా. ఆ ఊరుకోవడమే కష్టం, నాలుక దురద పెడుతుంది, పర్లేదులెండి సార్ అనేయాలనిపిస్తుంది. ఏసీ చప్పుడు వింటూ కూర్చున్నా. చివరికి ఆయనే, "ఈ ఎక్సెల్ నాకు మెయిల్ చెయ్యి" అన్నారు.

2023 మేలో ఎల్-టూ, 4 లక్షల 40 వేలు, నైట్ షిఫ్టు నెలలో ఒక వారమే. 5 అడిగా, రాలేదు. ఏడాది తర్వాత బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే పని చేసే ఉద్యోగానికి మారా, అక్కడా హెచ్ఆర్ ఆమె "మీరు వైజాగ్ కదా" అని మొదలుపెట్టింది, ఈసారి నాకు తడబాటు రాలేదు.

ఇలా చేస్తే అందరికీ వస్తుందని నేను చెప్పను. నా పక్క సీట్లో పనిచేసిన అమ్మాయి నాకంటే బాగా చేసేది, అదే డిసెంబర్‌లో అడిగింది, ఆమెని అడిగిన మొదటి ప్రశ్న "పెళ్ళి ఎప్పుడు?" రెండోది "పెళ్ళయ్యాక వైజాగ్‌లోనే ఉంటావా?" ఎక్సెల్ ఎవరూ అడగలేదు. ఆమె హైదరాబాద్ వెళ్ళిపోయింది. కాలం కూడా ఒకటి ఉంటుంది. 2022 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇన్ఫోసిస్‌లో మానేసినవాళ్ళు 27.7 శాతం, అప్పుడు అడిగినవాడికల్లా ఇచ్చారు, నాకే అడగడం రాలేదు. 2023-24కి వచ్చేసరికి పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల సంఖ్యే తగ్గింది. చెడ్డ కాలంలో డబ్బు రాకపోతే పని మార్చమని అడగండి, దానికి బడ్జెట్ అక్కర్లేదు, రేపు అదే డబ్బు అవుతుంది.

ఇంకా మా వాడు రెండు ప్రశ్నలు వేశాడు. ఒకటి, చేతిలో ఆఫర్ ఉందని అబద్ధం చెప్పనా అని. వద్దు. "సరే వెళ్ళు" అంటే 90 రోజుల నోటీసు పీరియడ్ లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. రెండోది బాండ్, రెండేళ్ళు ఉండాలి, లేకపోతే లక్షన్నర కట్టాలి. అది చెల్లదు బ్రో అని వాట్సాప్‌లో ఎవడో చెప్పాడట. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో మూడేళ్ళ బాండ్, 2 లక్షల పరిహారం సబబే అంది. అక్కడ మళ్ళీ నియామకం చేయడానికి అయ్యే ఖర్చు, ప్రభుత్వ సంస్థ పద్ధతి చూసి చెప్పారు, ప్రతి ప్రైవేటు కంపెనీ రాసిన అంకెకీ అదే వర్తిస్తుందని కాదు, కానీ బాండ్ అంటే ఉత్త కాగితం అనుకుని గోడ దూకెయ్యకు అన్నా. నీకు ఇంకా ఆరు నెలలే కదా, ఆ ఆరు నెలల్లో లెక్క రాసుకో.

నిన్న రాత్రి వాడు రాసిన పేజీ పంపాడు. నేను చూసి, నాన్నకి ఫార్వర్డ్ చేశా. తెల్లారి ఆరింటికే ఫోన్.

"బాగానే రాసేడు గానీ, ఆ చివరి లైను తీసెయ్యమను."

ఏం రాశాడు నాన్నా అన్నా.

"ఇవ్వకపోయినా పర్లేదు సార్ అని రాసేడు."